పెనుకొండలో ఎక్కే షాహీనక్క

ఉడకబెట్టిన వేరుశనక్కాయల వాసన తగిలితే ఎవరికైనా ఆకలి వేస్తుంది. నాకు మాత్రం పరీక్ష గుర్తొస్తుంది. ఈ ఉదయం హిందూపురం స్టేషన్లో ప్యాసింజరు కోసం నిలబడి ఉంటే, పక్కనే ఒక అవ్వ గంప మీది తడి గోనెపట్టా తీసింది. ఆవిరితో పాటు ఆ ఉప్పటి మట్టి వాసన గుప్పున ముఖానికి కొట్టింది. అంతే, అరచేతులు చెమర్చాయి. నేనిప్పుడు ధర్మవరంలో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెప్పే మనిషిని. పరీక్ష పెట్టేదీ నేనే, దిద్దేదీ నేనే. ఆ వాసనకు నా ఉద్యోగం సంగతి తెలియదు, అది నన్నింకా ఫస్టియర్ పిల్లగానే చూస్తుంది. పైగా ఈ రోజు నాకు వేరే దిగులు కూడా ఉంది. లెక్కల్లో తప్పిన ఒక ఫస్టియర్ అమ్మాయిని చదువు మాన్పించి తీసుకుపోతానని వాళ్ళ నాన్న కాలేజీకి వస్తున్నాడు. ఆయనతో ఏం మాట్లాడాలో తెలియక తెల్లవారినప్పటి నుంచి సతమతమవుతున్నాను. ఒక పొట్లం కట్టించుకుని, రైలెక్కి, కిటికీ దగ్గర కూర్చుని, అలవాటుగా పక్క సీటు మీద చేతిసంచి పెట్టాను. ఒక పెద్దామె వచ్చి, "ఎవురన్నా వస్తారామ్మా ఈడ?" అని అడిగింది. పెనుకొండలో ఎక్కుతారు అని నోటిదాకా వచ్చింది. సంచి తీసి ఆమెకు చోటిచ్చాను.

పెనుకొండలో ఎక్కేది షాహీనక్క. కాలేజీలో నాకంటే ఒక్క ఏడాది ముందు. ఆమె గురించి చెప్పాలంటే ముందు నా భయం గురించి చెప్పాలి, ఎందుకంటే ఆమె నా జీవితంలోకి వచ్చిందే ఆ భయం వెంట.

మా నాయన దర్జీ. హిందూపురం మార్కెట్టు వెనక సందులో చిన్న అంగడి. బడిలో ఉన్నంతకాలం నేను లెక్కల్లో ఎవరికీ తీసిపోలేదు, అందుకే టీచర్నవుతానని పట్టుబట్టి డిగ్రీలో చేరాను. నేనడిగిన గ్రూపులో సీటు ధర్మవరంలో దొరికింది. రోజూ రైల్లో పోయి రావాలి. నాయన ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. "సదువుకో, వద్దన్ను. ఒక్కసారి ఫెయిలైనావంటే మాత్రం వ్యానెక్కల్ల. మల్ల నా మింద అలగగూడదు" అన్నాడు. వ్యానంటే బట్టల ఫ్యాక్టరీ వ్యాను. రోజూ పొద్దున్నే మా వీధి చివరికి వచ్చి హారన్ కొట్టేది. నా ఈడు ఆడపిల్లలు చాలామంది క్యారియర్లు పట్టుకుని పరుగెత్తి ఎక్కేవాళ్ళు. ఆ పనిలో తప్పేమీ లేదు. నిజం చెప్పాలంటే ఆ పిల్లలు నాకంటే మంచి చెప్పులు వేసుకునేవాళ్ళు. కానీ నాకు అది వద్దు. నాకు నల్లబల్ల కావాలి, సుద్దముక్క కావాలి. ఆ హారన్ వినపడ్డప్పుడల్లా అది నన్నే పేరు పెట్టి పిలుస్తున్నట్టుండేది.

తీరా చేరాక కాలేజీలో పాఠాలన్నీ ఇంగ్లీషులో. మొదటి సెమిస్టర్లో డిఫరెన్షియల్ ఈక్వేషన్లు. సారు బోర్డు నిండా రాసి, తుడిచి, మళ్ళీ రాసేవాడు. నేను తలెత్తితే రాసుకోవడం తప్పిపోతుంది, రాసుకుంటే వినడం తప్పిపోతుంది. మా బోటి తెలుగు మీడియం పిల్లలకు అప్పుడు తెలిసిన దారి ఒక్కటే, గైడు కొని లెక్కల్ని పద్యాల్లాగా బట్టీ పట్టడం. నేనూ పట్టాను. మొదటి ఇంటర్నల్ పరీక్షలో సారు గైడులోని లెక్కే ఇచ్చాడు గానీ అక్షరాలు మార్చాడు, అంకెలు మార్చాడు. నేనవేమీ చూసుకోలేదు. గైడులోది ఉన్నదున్నట్టు దింపేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. గైడులో ఆ లెక్క మధ్యలో, ముందు పేజీలోని లెక్క చూడండి అని బ్రాకెట్లో ఒక మాట ఉంటుంది. అది కూడా నా జవాబు పత్రంలోకి వచ్చేసింది. సారు ఆ కాగితం పట్టుకుని క్లాసులోకి వచ్చి, ఎంతో మర్యాదగా, "ఏ పేజీ చూడాలమ్మా?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. నేను కూడా నవ్వడానికి ప్రయత్నించాను. ఆ రోజు తిరుగు రైల్లో హిందూపురం వచ్చేదాకా తల ఎత్తలేదు.

ఆ ఏడాదే మా కాలేజీలో పీర్ ట్యూటర్లని ఒక పద్ధతి మొదలుపెట్టారు. వెనకబడిన ఫస్టియర్ పిల్లలకు సెకండియర్ వాళ్ళలో ఒకరిని అప్పగిస్తారు. ఇద్దరూ ఖాళీ గంటల్లో కూర్చుని చదువుకోవాలి. రైలు పిల్లలకు ఖాళీ గంట ఎక్కడిది? సాయంత్రం గంట కొట్టగానే స్టేషన్‌కు పరుగు. అందుకని సారు నాకు పెనుకొండ నుంచి వచ్చే అమ్మాయిని ఇచ్చాడు. మా క్లాసు రైల్లో, పెనుకొండకూ ధర్మవరానికీ మధ్య. హిందూపురం నుంచి ఆమెకు సీటు పట్టుకుని రావడం నా పని.

మొదటి రోజు ఆమె ఎక్కడం ఇంకా కళ్ళకు కట్టినట్టుంది. బక్కపలచని మనిషి, భుజానికి సంచి, చేతిలో వేరుశనక్కాయల పొట్లం. నేను పెట్టిన సంచి పక్కకు జరిపి కూర్చుని, "నువ్వేనా పద్మ? ముందు పేజీ చూడమని రాసింది?" అంది. ఆ మాట సెకండియర్ దాకా పాకిందని తెలిసి నా ప్రాణం చచ్చిపోయింది. ఆమె నవ్వలేదు. పొట్లం విప్పుతూ, "నేనూ ఇదే పేపర్లో పోయినా పాపా. సప్లిమెంటరీలో గట్టెక్కినా. ఈ మాట ఇంగెవురో నీ చెవిలో ఏసేలోగా నేనే చెప్తాండా" అంది.

ఈత రాని నాకు, మునిగి తేలిన మనిషిని తోడిచ్చారే అనుకున్నాను. ఫస్టు వచ్చిన అమ్మాయిని ఇస్తారనుకున్నాను నేను. నోరు ఊరుకోలేదు. "మరి ఈ పని నీకెందుకిచ్చినారక్కా?" అని అడిగేశాను.

"సారు ముందు మా క్లాసులో ఫస్టు వచ్చిన పిల్లనే అడిగినాడంట. ఇది చూస్తానే వచ్చేస్తాది కదా సార్, దీంట్లో చెప్పేదానికేముండాది అనిందంట ఆ పిల్ల. ఆ పిల్ల కాదనినాక, ఆమేల నన్ను పిలిపించినాడు" అని షాహీనక్క ఒక కాయ వలిచి నోట్లో వేసుకుంది. ఆ జవాబు నాకేమీ ధైర్యం ఇవ్వలేదు. ఇంట్లో మాత్రం మా ట్యూటరు బాగా చదివే అమ్మాయని చెప్పాను. ఆమె తప్పిందని తెలిస్తే నాయన అప్పుడే వ్యాను డ్రైవరుతో మాట్లాడతాడేమోనని భయం.

ఆమె పద్ధతి మొదట నాకు కోపం తెప్పించింది. సీట్లో కూర్చోగానే నా గైడు లాక్కుని, తన చున్నీలో చుట్టి, పైన సామాన్లు పెట్టే చోట పడేసేది. "ఇంగ చెప్పు. నాకేమీ తెల్దనుకో" అనేది. నేను ఒక మెట్టు చెబితే "ఎందుకు?" అనేది. ఇంకో మెట్టు చెబితే మళ్ళీ "ఎందుకు?" "బుక్కులో అట్లే ఉండాదక్కా" అని ఏడుపు మొహం పెట్టేదాన్ని. "బుక్కు పైన నిద్రపోతాంది. దాన్నెందుకు లేపుతావు? నువ్వు చెప్పు" అనేది. ఆమె ఏదీ తనంతట తాను చెప్పేది కాదు. నేనెక్కడ ఆగిపోతానో అక్కడే ఆమె కూడా ఆగి, కాయలు వలుచుకుంటూ, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది. పరీక్ష దగ్గరికొస్తోంది, పాఠాలు ఇంకా బోలెడున్నాయి, ఈవిడేమో ఒక్క లెక్క దగ్గరే ధర్మవరం దాకా లాగుతుంది. ఎదురుసీట్లో ధర్మవరానికి పూలు తీసుకుపోయే ఒకామె రోజూ కూర్చునేది. దిగేటప్పుడు, "ఏమ్మే, ఈ పొద్దన్నా వచ్చిందా ఆ పాపకి?" అని అందరికీ వినపడేలా అడిగేది. "వస్తాంది వస్తాంది, దోవలో ఉండాది" అనేది షాహీనక్క.

అక్షరాలు మారితే బిత్తరపోయే నా జబ్బును ఆమె వేరుశనక్కాయలతోనే కుదిర్చింది. ఒక రోజు పొట్లంలోంచి గుప్పెడు తీసి నా ఒళ్ళో పోసి, వలవమంది. వలిచాను. గింజలు ఒక పక్క, పొట్టు ఒక పక్క పెట్టమంది. పెట్టాను. "ఇప్పుడు చెప్పు, ఈ గింజకి ఎక్స్ అని పేరు పెడితే యాడికి పోవల్ల?" అంది. గింజల్లోకి అన్నాను. "టీ అని పెడితే?" గింజల్లోకే. "పి అంటే? మీ అవ్వ పేరు పెడితే?" నవ్వొచ్చింది. "పేరు చూసి బెదరాకు పాపా. గింజ గింజల కాడికి పోవల్ల, పొట్టు పొట్టు కాడికి పోవల్ల. అంతే ఈ పాఠం. ఆమేల చేసేదంతా నీకు వచ్చిందే" అంది. ఇన్ని వారాలుగా నేను బట్టీ పట్టిన పేజీలన్నీ ఇదే, ఒక అక్షరమున్నవన్నీ ఈ పక్కకు, రెండోదున్నవన్నీ ఆ పక్కకు చేర్చమనే, చెబుతున్నాయని నాకు అప్పుడే తెలిసింది. అలా తెలియడం వల్ల సంతోషం కంటే ముందు భయమే వేసింది. ఇంతవరకు నాకేమీ రాదన్న సంగతి కూడా దానితోపాటే తెలిసిపోయింది మరి.

పరీక్షలు దగ్గరపడ్డాక ఒక ఉదయం నాయన కూడా నాతో బయల్దేరాడు. ధర్మవరంలో పట్టుచీరల వాళ్ళ దగ్గర జాకెట్ల పనేదో మాట్లాడుకోవాలట. పెనుకొండ వస్తోందంటే ఇంట్లో నేనాడిన అబద్ధం గుర్తొచ్చింది. షాహీనక్కకు సైగ చేసే వీలు కూడా లేదు. ఆమె ఎక్కింది, మా నాయనని చూసి తల మీద చున్నీ సర్దుకుంది, తర్వాత ఎప్పటిలాగే గైడు పైన పడేసి, "చెప్పు" అంది. నేను చెప్పాను, తడబడ్డాను, ఆగాను. నాయన అంతా వింటూ కూర్చున్నాడు. ఆయనకు ఆ లెక్క అర్థం కాదు గానీ, నేను ఆగిన చోటు అర్థమవుతుంది. కొంతసేపటికి గొంతు సవరించుకుని, "ఏమ్మా, మా పాప పాసవుతాదా?" అని అడిగాడు.

అవుతుంది అని ఒక్క మాట అంటే ఏం పోయింది? నేను ఆమె చేతిని గట్టిగా గిల్లాను. షాహీనక్క చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "నాకు తెల్దు చిన్నాయనా. ఇప్పుడు శానా నయం. అయినా ఈ పేపరు మోసం చేస్తాది. నేనే ఒకసారి పోయినా" అంది.

నా రహస్యం అలా రైలు పెట్టెలో, పూలామె ముందర, బట్టబయలైంది. నాయన ముఖం నేను చూడలేదు, చూసే ధైర్యం లేదు. తర్వాత ఆయన, "పోయినప్పుడు మీ నాయన ఏమన్యాడు?" అని అడిగాడు.

షాహీనక్క వాళ్ళ నాయన పెనుకొండ బస్టాండు దగ్గర స్టవ్వులు, కుక్కర్లు బాగుచేస్తాడు. ఆమె కొంచెం ఆలోచించి చెప్పింది. "కొన్ని దినాలు నాతో మాట్లాడలా చిన్నాయనా. నేను స్టేషను దిక్కు పోవడమే మానుకుంటి. ఆమేల ఒక పొద్దు తనే క్యారియరు తెచ్చి నా చేతిలో పెట్టి, రైలుకు టైమైతాంది అన్యాడు. అంతే. మల్ల ఆ మాట యా పొద్దూ ఎత్తలా."

నాయన ధర్మవరంలో దిగి తన దారిన తను పోయాడు. ఆ సాయంత్రం ఇంట్లో ఏమీ అనలేదు. ఆయన తిడితే బాగుండు అనుకున్నాను. తిట్టని నాయనని ఎలా అర్థం చేసుకోవాలో నాకు తెలియలేదు.

పరీక్ష రోజు రైలు ధర్మవరం బయట సిగ్నల్ దగ్గర ఆగిపోయింది. స్టేషను కనపడుతోంది, రైలు కదలదు. మగపిల్లలు దూకి పట్టాల వెంట పరుగు తీశారు. నేను లేచి తలుపు దగ్గరికీ సీటు దగ్గరికీ తిరుగుతున్నాను. షాహీనక్కకు కూడా ఆ రోజు పరీక్షే, ఆమె పేపరు వేరు. ఎప్పుడూ నిదానంగా ఉండే మనిషి ఒలిచిన కాయనే మళ్ళీ ఒలుస్తోంది. "నీకూ భయమాక్కా?" అన్నాను. "లేకేమి? ఈ సిగ్నలు కాడ ఆగినప్పుడల్లా నేను పోయిన ఆ పరీక్షే గుర్తుకొస్తాది. గమ్మున ఈడ కుచ్చో. ఒక లెక్క చెప్పు, నాకేమీ తెల్దనుకో" అంది. చెప్పాను. మధ్యలో రైలు కదిలింది. ఇద్దరం చేతులు పట్టుకుని కాలేజీ దాకా పరుగెత్తాం.

పేపర్లో అక్షరాలన్నీ మారి ఉన్నాయి. ఒక్క క్షణం గైడు పేజీలే గుర్తు చేసుకోబోయాను. తర్వాత గింజలు, పొట్టు అనుకున్నాను. లెక్క విడిపోయింది. నా జీవితంలో ఒక లెక్కను అలా నాకు నేనే విప్పుకోవడం అదే మొదటిసారి. ప్రతి మెట్టుకూ ఎందుకు, ఎందుకు అనుకుంటూ పోయాను. అందుకే ఆలస్యమైంది. సగం పేపరు మిగిలి ఉండగానే గంట కొట్టారు. బయట షాహీనక్క నిలబడి ఉంది. "సగమే రాసినానక్కా" అన్నాను. "రాసింది గైడా, నువ్వా?" అంది. "నేనే." "అయితే సరే" అంది. ఆమె కళ్ళు మాత్రం సరే అనలేదు.

ఫలితాలు ఆమే చెప్పింది. ఆ రోజు పెనుకొండలో ఎక్కి, నేను సీటు చూపించినా వెంటనే కూర్చోలేదు. "పోయింది పాపా. లెక్కలొక్కటే. కొంచెంలో పోయింది" అంది. నేను ఏడవలేదు. ఏడుపు కూడా రానంత భయం వేసింది. "రేపట్నుంచి నేను రానక్కా. నాయన పంపడు" అన్నాను. ప్రతిదానికీ ఎందుకు అని అడిగే మనిషి ఆ రోజు ఏమీ అడగలేదు. పొట్లం విప్పకుండానే ఒళ్ళో పెట్టుకుని ధర్మవరం దాకా కూర్చుంది.

ఇంటికి పోయి చెప్పాను. నాయన మిషను తొక్కడం ఆపలేదు. మరుసటి రోజు నేను స్టేషన్‌కు పోలేదు, ఆ తర్వాతా పోలేదు. నాయన పొమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. పొద్దున్నే హారన్ కొట్టినప్పుడు తలుపు చాటున నిలబడి, ఈ రోజేనా అనుకునేదాన్ని. అన్నం సహించేది కాదు. అమ్మ నా ముఖం, ఆయన ముఖం మార్చి మార్చి చూసేది.

చివరికి ఒక ఉదయం హారన్ మోగేసరికి నాయన గడపలో నిలబడి ఉన్నాడు, చేతిలో క్యారియరు. నా మాట నేను నిలబెట్టుకోవాలి కదా అనుకున్నాను. క్యారియరు అందుకుని, చెప్పులేసుకుని, తల వంచుకుని వీధి చివర వ్యాను వైపు నడిచాను.

"అట్లా యాడికి పోతాండావు?" అన్నాడు వెనకనుంచి. తిరిగి చూశాను. ఆయన నా వైపు కాకుండా ఎదురింటి గోడ వైపు చూస్తున్నాడు. "రైలుకు టైమైతాంది."

పెనుకొండలో షాహీనక్క ఎక్కి నన్ను చూసి తలుపు దగ్గరే ఆగిపోయింది. తర్వాత నా ఒళ్ళో ఉన్న క్యారియరు చూసింది. నాయన అన్న మాట చెప్పాను. ఆమె చున్నీ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "మా నాయన మాట కదా అది" అని నవ్వింది. వెంటనే చెయ్యి చాపి, "యాడ నీ గైడు? ఇట్లియ్యి" అంది. అది మళ్ళీ పైకెక్కి నిద్రపోయింది. సప్లిమెంటరీలో నేను గట్టెక్కాను. ఆ మరుసటి ఏడాది సారు నాకొక ఫస్టియర్ పిల్లను అప్పగించాడు. ఆ పిల్ల సోమందేపల్లిలో ఎక్కేది. మొదటి రోజు ఏం చెప్పాలో నేను వెతుక్కోవలసిన పని లేకపోయింది.

షాహీనక్క ఇప్పుడు కదిరి వైపు ఒక బడిలో లెక్కల టీచరు. పండగలకు ఫోన్లో మాట్లాడుకుంటాం. ఆ రోజు రైల్లో మా నాయనకి నిజం ఎందుకు చెప్పావక్కా, అబద్ధమాడితే పోయేది కదా అని ఒకసారి అడిగాను. "నువ్వు పరీక్షలో పోతే ఆయన ఒక్కడే ఆ భయం మొయ్యల్ల కదా. ముందే ఇంగొకరింటి కత తెలిస్తే కొంచెం తేలిక" అంది. ట్యూటరంటే నాకు లెక్క చెప్పే మనిషనుకున్నాను అన్నాళ్ళూ. మా ఇంట్లో అందరికీ ఆమె చెప్పిందని అప్పుడు అర్థమైంది.

ఈ రోజు కాలేజీలో ఆ తండ్రి నాకంటే ముందే వచ్చి స్టాఫ్‌రూము బయట నిలబడి ఉన్నాడు. చేనిలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు, ప్యాంటు అంచులకు ఎర్రమట్టి. ఆయన వెనక ఆ అమ్మాయి గోళ్ళు కొరుక్కుంటోంది. ఆయన కూర్చోకుండానే, "చెప్పండి మేడమ్, ఈ తూరన్నా పాసవుతాదా మా పాప?" అన్నాడు.

అవుతుందని చెప్పడం ఎంత తేలికో నాకు తెలుసు. పొద్దున స్టేషన్లో కట్టించుకున్న పొట్లం విప్పి బల్ల మీద ముగ్గురికీ అందేలా పెట్టాను.

"నాకు తెలీదన్నా" అన్నాను. "కూర్చోండి. నేనూ ఇదే పేపర్లో పోయినా."